టికెట్ కిటికీ మూసేస్తారా?

ప్రశ్న: మా చిన్న స్టేషన్లో ఉన్న రెండు కౌంటర్లలో ఒకటి తీసేశారు. నా దగ్గర ఉన్నది బటన్ల ఫోను. రెండోదీ మూసేస్తే పాసింజరు ఎక్కేదెలా?
– ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, నేను బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెడుతూ "అన్నవరానికి ఒకటియ్యి నాయనా, బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తది?" అని అడిగే పెద్దావిడకు యాప్ ఏం జవాబు చెబుతుంది? కౌంటర్ ఉండి తీరాలి.

జనరల్ టికెట్ ఫోన్లోనే తీసుకునే రైల్‌వన్ యాప్ 2025లో వచ్చింది. స్మార్ట్‌ఫోనున్నవాళ్లకు మేలే, క్యూ తగ్గుతుంది. మీకైతే, టికెట్ మిషన్ ఉన్న కొన్ని స్టేషన్లలో సాయం చేసే ఫెసిలిటేటర్లుంటారు, వీళ్లలో రిటైరైన రైల్వేవాళ్లూ ఉంటారు. డబ్బులిస్తే టికెట్ తీసిస్తారు.

బ్రిటన్లో 2023లో రైలు కంపెనీలు చాలా టికెట్ ఆఫీసులు మూసేస్తామన్నాయి. సుమారు ఏడున్నర లక్షల అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. చూపులేనివాళ్లు, వికలాంగులు గట్టిగా అడ్డుకున్నారు. అక్టోబరు 31న ప్రభుత్వమే ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకొమ్మని కంపెనీలకు చెప్పింది.

కాబట్టి మీరూ ఊరుకోకండి. ఏ బండి వేళకు ఎంతమంది క్యూలో నిలబడుతున్నారో రాసి, ఊరివాళ్ల సంతకాలతో డీఆర్‌ఎంకు (మీ రైల్వే డివిజన్ పెద్దాఫీసరుకు) అర్జీ పెట్టండి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి మీ బటన్ల ఫోను నుంచే ఫిర్యాదు చెప్పొచ్చు.