గడువుకే ఇవ్వాలా, ఆగాలా?

ప్రశ్న: మేము ఒడిశాలోని బరంపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతూ, ఇక్కడా, పర్లాకిమిడి, రాయగడలలోనూ ఉన్న బట్టల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తున్నాము. కొత్త వెర్షన్ ఏప్రిల్ 1కి ఇస్తామని మాట ఇచ్చాము. ఇంకా పదకొండు బగ్గులు (ప్రోగ్రాములోని తప్పులు) మిగిలాయి. రెండు కౌంటర్లలో ఒకేసారి బిల్లు చేస్తే అరుదుగా ఒకే నంబరు పడుతోంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఇచ్ఛాపురం వ్యాపారులకు పంపే సరుకు బిల్లులో ఒక్కోసారి ఐజీఎస్టీకి (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) బదులు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రంలోని అమ్మకాలపై పన్నులు) పడుతున్నాయి. ఒడియా, తెలుగు పేర్లలో ఒత్తులు ప్రింటులో తెగిపోతున్నాయి. అమ్మకాలు చూసే భాగస్వామి ఇచ్చేసి తరువాత సరిచేద్దామంటున్నారు, టెస్టింగ్ చూసే ఉద్యోగిని వద్దంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: పదకొండు అన్న అంకెను ముందు పక్కన పెట్టండి. ఒక్కొక్క బగ్గు వల్ల జరిగే నష్టాన్ని తరువాత సరిదిద్దడం సాధ్యమా, కాదా అన్నదే తూచవలసిన విషయం. తెగిన ఒత్తులు చూడడానికి బాగుండవు, అయినా మరో వారంలో పంపే చిన్న సవరణతో (ప్యాచ్) ఆ సంగతి ముగుస్తుంది కాబట్టి వాటి కోసం గడువు దాటనవసరం లేదు. (దుకాణం పేరును మాత్రం ఈలోగా బొమ్మగా ముద్రించండి, సొంత బోర్డు మీది పేరే తప్పుగా వస్తే ఏ షావుకారూ ఊరుకోడు.)

ఒకే నంబరు రెండుసార్లు పడడం అలాంటిది కాదు. జీఎస్టీ 46వ నియమం ప్రకారం బిల్లు వరుస సంఖ్య 16 అక్షరాలకు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో అది మళ్ళీ రాకూడదు. కొన్నవారి చేతికి వెళ్ళిన బిల్లును వెనక్కి రప్పించడం మీ తరం కాదు. ‘అరుదుగా’ అన్న మాట మీ భాగస్వామికి ధైర్యమిస్తున్నట్టుంది, కానీ కొందరికే ఎదురయ్యే తప్పు కూడా పెద్ద నష్టం చేయగలదు. 2018 అక్టోబరు 2న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్ళను చెరిపివేసింది. ముందుగా వాడి చూసినవారిలో కొందరు ఫిర్యాదు చేసినా వాటి తీవ్రతను గుర్తించకపోవడంతో, చివరకు విడుదలను నిలిపివేసి నవంబరు 13న మళ్ళీ ఇవ్వవలసి వచ్చింది. అయితే మీకొక వెసులుబాటు ఉంది. అదే 46వ నియమం ఒకటికి మించిన వరుసలను అనుమతిస్తుంది కనుక, ప్రతి కౌంటరుకూ వేరువేరు అక్షరంతో మొదలయ్యే వరుస ఇస్తే, అసలు బగ్గు ఇంకా దొరకకపోయినా రెండు కౌంటర్ల నంబర్లు కలిసిపోవు. కొత్త వరుసకు ఏప్రిల్ 1 కన్నా అనువైన రోజు కూడా లేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఐజీఎస్టీ బగ్గు. ఒడిశా జీఎస్టీ నంబర్లు 21తోనూ, ఆంధ్రప్రదేశ్‌వి 37తోనూ మొదలవుతాయి కాబట్టి తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. అయినా ‘ఒక్కోసారి’ తప్పుతోందంటే కారణం మీకింకా తెలియదన్నమాట. తప్పు పద్దులో పన్ను కట్టిన వ్యాపారి సరైన పద్దులో మళ్ళీ కట్టి, మొదట కట్టినదానికి వాపసు దరఖాస్తు పెట్టుకోవాలి, అంతవరకు అతని డబ్బు ఇరుక్కుపోతుంది. ఇదే తప్పు పాత వెర్షన్‌లోనూ ఉందేమో ముందు చూడండి. ఉంటే, ఆలస్యం చేయడం వల్ల ఎవరికీ రక్షణ లేదు, రెండింటినీ సరిచేయవలసిందే. లేకపోతే, సక్రమంగా నడుస్తున్నదాన్ని తీసేసి తప్పులు చేసేదాన్ని ఇచ్చినవారవుతారు, ఆ పని చేయకండి.

కాబట్టి అందరికీ ఒకే రోజు ఇవ్వాలన్న పట్టుదల విడిచిపెట్టండి. అమ్మకాలన్నీ ఒడిశాలోనే సాగే దుకాణాలకు, రాష్ట్రం బయటికి బిల్లు చేసే వీలును మూసివేసి, ఏప్రిల్ 1నే ఇవ్వవచ్చు. వాటిలోనూ బరంపురంలోనివే ముందు, ఎందుకంటే ఏదైనా తేడా వస్తే రాయగడ కన్నా అక్కడికి త్వరగా చేరుకోగలరు. సరిహద్దు దాటి సరుకు పంపేవారు, పాతది బాగానే నడుస్తుంటే, అందులోనే కొత్త సంవత్సరపు వరుస మొదలుపెట్టుకోవచ్చు, వారికి పోయేదేమీ లేదు. ఆ మాట వారికి ఇప్పుడే చెప్పండి. మార్చి 31 సాయంత్రం లెక్కలు ముగించే హడావిడిలో చెబితే అది మరో గొడవ అవుతుంది. ఇచ్చే చోట కూడా పాత డేటాకు నకలు తీసి, అవసరమైతే పాత వెర్షన్‌కు తిరిగి వెళ్ళగలరో లేదో ఒకసారి చేసి చూసుకోండి.

మిగిలిన ఎనిమిది బగ్గుల గురించి మీరు రాయలేదు. వాటిలో మీ ఉద్యోగిని దేనికి అభ్యంతరం చెబుతున్నారో, అది తలెత్తితే దుకాణదారుకు ఏమవుతుందో ఆమె చేతనే ఒక్కొక్క వాక్యంలో రాయించి, నిర్ణయానికి ముందే మీ భాగస్వామితో చదివించండి.