చక్రాలు మారితే కాళ్లకు తెలియొద్దూ?

ప్రశ్న: సార్, మాది మదనపల్లె. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. మా పాపకు పదకొండేళ్లు. క్వాడ్ స్కేట్స్ (ముందు రెండు, వెనక రెండు చక్రాలుండేవి) మీద రెండేళ్లు వరసగా మెడల్స్ తెచ్చింది. ఆరు నెలల క్రితం చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్‌కి మారినప్పటి నుంచీ వెనకబడుతోంది. పోయిన ఆదివారం సెకనులో రెండు వందో వంతుల తేడాతో మూడో స్థానం పోయింది. ఇల్లు చేరేదాకా కార్లో ఏడుస్తూనే ఉంది. మావారు "మానిపించెయ్, ఎందుకీ టెన్షన్" అంటున్నారు. కొత్తరకం స్కేట్స్ వచ్చాక వెనకబడి, కార్లు అమ్ముకుని, మళ్లీ వచ్చి ఒలింపిక్ గోల్డ్ కొట్టిన డచ్ ఆటగాడున్నాడని కోచ్ పాపకు చెప్పారట. నిజమేనా, ఏడుపు మాన్పించడానికి చెప్పిన కథా?
- ఒక తల్లి, బెంగళూరు

జవాబు: నిజమేనమ్మా. ఆయన గెరార్డ్ వాన్ వెల్డె, ఐస్ మీద స్పీడ్ స్కేటింగ్ చేసేవాడు. మీ పాప రెండు వందో వంతులకే ఏడ్చింది కదా, ఈయన లెక్క వినండి. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో 1000 మీటర్లు 1 నిమిషం 14.93 సెకన్లలో ముగించి నాలుగో స్థానంలో ఆగాడు. కాంస్యం తీసుకున్న జపాన్ ఆటగాడిది 14.92. ఆ వేగంలో అది జానెడు దూరం కూడా కాదు.

తర్వాత క్లాప్ స్కేట్ వచ్చింది. హవాయి చెప్పులతో నడుస్తుంటే మడమ దగ్గర టపటప కొట్టుకుంటాయే, కాస్త అలాంటిదే. బ్లేడు బూటుకు ముందువైపు మాత్రమే మడతబందుతో అతుక్కుని ఉంటుంది. తోసేటప్పుడు మడమ లేచినా బ్లేడు ఐస్‌నే అంటుకుని ఉండి, ఆఖర్న టప్పుమని వెనక్కి వస్తుంది. పాత స్కేట్‌లో చీలమండ చాచితే బ్లేడు మొన ఐస్‌లో గీసుకునేది. అందుకని చాచకుండా తోయడమే చిన్నప్పటి నుంచి నేర్పేవారు. క్లాప్ స్కేట్‌లో చాచాలి! ఒంటికి పట్టిన అలవాటు పోవద్దూ? వాన్ వెల్డెకి పోలేదు. 1998 నగానో ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయాడు. ఆట వదిలి కార్లు అమ్మే ఉద్యోగం చేశాడు.

నా గోలా ఇదే. ముప్పై రెండేళ్ల వయసులో క్వాడ్స్ విప్పి ఇన్‌లైన్ ఎక్కాను. రెండు నెలలైనా వేళ్లతో వెనక్కి తన్నే అలవాటు పోదే! ముందు చక్రం సిమెంటు గచ్చు మీద కర్రుమని గీసుకునేది. నా దగ్గర నేర్చుకునే పిల్లలు మొహాలు తిప్పుకుని నవ్వేవారు. మీ పాప స్కేట్లలో ముందు చక్రం లోపలి అంచు ఒకసారి చూడండి. మిగతావాటికన్నా బాగా అరిగి ఉంటే జబ్బు అదే. పక్కకి తోయాలి, మడమ నేల వదలకూడదు.

వాన్ వెల్డె మళ్లీ వచ్చాడని మీ కోచ్ చెప్పారు కదా. 2002 సాల్ట్ లేక్ సిటీలో 500 మీటర్లలో మళ్లీ నాలుగో స్థానం. ఈసారి కాంస్యానికి తేడా సరిగ్గా రెండు వందో వంతులు. నాలుగు రోజులకు 1000 మీటర్లలో దిగి 1 నిమిషం 7.18 సెకన్లతో బంగారం, ప్రపంచ రికార్డు. అప్పటికి ముప్పై ఏళ్లవాడు. ఆ ఊరు 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది, గాలి పలచన, అడ్డు తక్కువ. మన బెంగళూరు 920 మీటర్లే. ఎత్తు సాయం ఉందనుకోండి, కానీ ఆ రోజు అక్కడ దిగిన వాళ్లందరికీ అదే గాలి.

మీవారిది తప్పనను. తిరిగొచ్చి గెలిచినవాళ్ల సంగతే మనకు తెలుస్తుంది. కానీ ఆరు నెలలకే తేల్చేయొద్దు. అసలు మొన్నటి పోటీలో టైము ఎలా తీశారో అడిగారా? చేతి స్టాప్‌వాచ్ అయితే రెండు వందో వంతులంటే అర్థమే లేదు. నొక్కే వేలికే అంతకన్నా ఎక్కువ ఆలస్యం అవుతుంది. ఈ మాట పాపకు తప్పకుండా చెప్పండి.

ఇంకొకటి కూడా చెప్పండి. వాన్ వెల్డె తర్వాత కోచ్ అయ్యాడు. 2014 సోచీలో ఆయన శిష్యుడు మిషెల్ మల్డర్ 500 మీటర్ల బంగారం గెలిచాడు. రెండోవాడికీ అతనికీ తేడా 0.012 సెకను. ఆ మల్డర్ చక్రాల మీద ఇన్‌లైన్ రేసులు కూడా ఆడినవాడే.

ఒక నెల పాటు స్టాప్‌వాచ్ బీరువాలో పెట్టేయండి. రోజూ పది రౌండ్లు, మెల్లగా, మడమ మీద ధ్యాసతో. తర్వాత చక్రాల ఫోటో తీసి పంపండి, చూస్తాను.