గోల్ఫ్ ఆడాక మోకాలు, నడుము నొప్పి... మాత్ర వేసుకుని ఆడొచ్చా?

ప్రశ్న: నా వయసు 52. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిగా గోల్ఫ్ నేర్చుకుంటున్నాను. కుడిచేతి వాటం. చేతులతో కొడుతున్నానని, తుంటి నుంచి తిప్పాలని కోచ్ అంటున్నారు. బంతి ఇంకా దూరం వెళ్లాలంటే ఏ వ్యాయామాలు చేయాలి? ఆడిన మర్నాడు ఎడమ మోకాలు, నడుము నొప్పిగా ఉంటాయి. ఒక్కోసారి ఎడమ పిక్కలో తిమ్మిరి. డైక్లోఫెనాక్ వేసుకుంటే తగ్గుతోంది. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. - ఒక పాఠకుడు

జవాబు: వ్యాయామాల సంగతి తర్వాత చూద్దాం. నాకు కంగారు కలిగించినవి మీ చివరి రెండు వాక్యాలు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందు ప్రభావాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. మీ బీపీ మాత్ర స్ట్రిప్పు ఒకసారి తిప్పి చూడండి. అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ గానీ, క్లోర్‌థాలిడోన్ గానీ (మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు) కలిసి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా ఎండలో గంటల తరబడి ఆడి, ఒంట్లో నీరు తగ్గాక వేసుకుంటూ ఉండవచ్చు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చారని ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా మింగితే ఎలా అండీ? ముందు అది ఆపండి. బీపీ చూపించుకుని, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షలు, మూత్రపరీక్ష చేయించండి. బీపీ మందు మాత్రం సొంతంగా మానొద్దు.

ఇక మీ కోచ్ చెప్పింది నిజమే. క్లబ్‌ను (గోల్ఫ్ కర్రను) వెనక్కి ఎత్తేటప్పుడు బరువు కుడి కాలి మీదికి వెళ్తుంది. కిందికి దించేటప్పుడు భుజాల కంటే ముందు కటి భాగం లక్ష్యం వైపు తిరగాలి, బరువు ఎడమ కాలికి మారాలి. పాదం నేలను గట్టిగా నొక్కితే పుట్టే బలమే తుంటి, నడుము, భుజాల మీదుగా చేతులకు చేరుతుంది. క్లబ్ కిందికి దిగడమంతా జరిగేది దాదాపు పావు సెకనులో. ఆ పావు సెకనులో ఎడమ తుంటి కీలు లోపలికి బాగా తిరగగలగాలి. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లలో చాలామందికి అది బిగుసుకుపోయి ఉంటుంది. తుంటి తిరగకపోతే ఆ మెలిక పైన నడుము మీద, కింద మోకాలి మీద పడుతుంది. నడుములోని వెన్నుపూసలు ముందుకు వంగడానికి అనువైనవే గానీ, ఒక్కొక్కటి తిరగగలిగేది రెండు మూడు డిగ్రీలే. మోకాలు కూడా ప్రధానంగా మడతబందు లాంటిదే, మెలికను ఎక్కువ భరించలేదు.

ఇంట్లో చిన్న పరీక్ష చేసుకోండి. కుర్చీలో నిటారుగా కూర్చుని, తొడ కదలకుండా ఎడమ పాదాన్ని బయటివైపుకి జరపండి (పాదం బయటికి జరిగితే తుంటి కీలు లోపలికి తిరుగుతున్నట్టు). తర్వాత కుడి పాదం. ఎడమది బాగా తక్కువగా జరిగినా, గజ్జల్లో నొప్పి వచ్చినా తుంటి ఎక్స్‌రే అవసరం కావచ్చు. మోకాలి నొప్పికి మూలం తుంటిలో ఉన్న కేసులు తరచూ చూస్తుంటాం. తుంటి బిగుసుకున్నట్టు తేలితే, ఎడమ పాదం వేళ్లను కాస్త లక్ష్యం వైపు తిప్పి నిలబడితే మోకాలికి కొంత ఊరట ఉంటుంది. కోచ్‌ని అడగండి.

గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ 2008 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీని ఎడమ మోకాలి లిగమెంట్ దెబ్బతిని, కాలి ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు (ఒత్తిడి వల్ల వచ్చే సన్న పగుళ్లు) ఉండగానే గెలిచారు. వెంటనే ఆపరేషన్, మిగతా సీజన్ అంతా ఆటకు దూరం. 2017లో నడుము ఎముకలను కలిపే ఆపరేషన్ కూడా అవసరమైంది. చుట్టూ వైద్య బృందం ఉన్న ఆటగాడి పరిస్థితే అది.

పిక్కలో తిమ్మిరి అంటే నడుములో వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించేదాకా ఫుల్ స్వింగ్ (క్లబ్‌ను పూర్తిగా ఊపి కొట్టడం) వద్దు, నొప్పి లేకపోతే పటింగ్ (బంతిని మెల్లగా గుంటలోకి కొట్టడం) చేసుకోండి. పాదం పైకి లేవకపోయినా, మల మూత్ర ద్వారాల దగ్గర స్పర్శ తగ్గినా, మూత్రం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. తుంటి, పిరుదుల కండరాలకు వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ మిమ్మల్ని చూసి చెబుతారు, వీడియోలు చూసి మొదలుపెట్టకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి.