కళాభిరుచి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: చిన్నతనంలో మా ఊరి హాళ్లలో కౌబాయ్ చిత్రాలు చూసినప్పటి నుంచి ఆ గుర్రాలు, జీనులు, టోపీలంటే నాకు ఎంతో ఇష్టం. ఉద్యోగ విరమణ తర్వాత అమెరికా పశ్చిమ ప్రాంతపు చిత్రాలు, శిల్పాలు సేకరించాలని అనుకుంటున్నాను. ఫ్రెడరిక్ రెమింగ్టన్ చేసిన ‘బ్రాంకో బస్టర్’ (పొగరు గుర్రాన్ని లొంగదీసే రౌతు) కంచు బొమ్మ నలభై వేల రూపాయలకు దొరుకుతోందనీ, దాని మీద ఆయన సంతకం కూడా ఉందనీ డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయి చెబుతున్నాడు. కొనమంటారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు

సమాధానం: ఆ ధరకు వచ్చేది రెమింగ్టన్ కాలపు పోత కాదు; అసలుదనే నమ్మకంతో మాత్రం కొనకండి. రెమింగ్టన్ ఈ బొమ్మను 1895లో రూపొందించారు. మొదట ఇసుక అచ్చులలో పోయించి, 1900 నుంచి న్యూయార్క్‌లోని రోమన్ బ్రాంజ్ వర్క్స్‌లో మైనపు అచ్చు పద్ధతిలో పోయించారు. ఈ పద్ధతిలో పోతకు ముందు మైనాన్ని చేతితో దిద్దే వీలుంటుంది కాబట్టి, ఆయన స్వయంగా చూసుకున్న ప్రతులలో ఒకటి మరొకదానికి అచ్చంగా సరిపోలదు. ఆయన 1909లో మరణించారు. కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయింది కనుక ఇప్పుడు ఎవరైనా ఈ బొమ్మను పోసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. సంతకం అచ్చులోనే ఉంటుంది కాబట్టి నకలు మీదికీ వస్తుంది. దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

బొమ్మ చేతికి వస్తే నిదానంగా పరిశీలించండి. ముందరి కాళ్లెత్తి నిలువునా లేచిన గుర్రం మీద రౌతు ఒక చేత్తో జూలునూ పగ్గాలనూ కలిపి బిగించి పట్టుకుంటాడు, రెండో చేతిలో కొరడా ఉంటుంది, ఒక రికాబు కాలి నుంచి జారి గాలిలో ఊగుతూ ఉంటుంది. పూర్తయిన బొమ్మ నుంచి అచ్చు తీసి మళ్లీ పోసిన నకళ్లలో జూలు వెంట్రుకలు, వేళ్ల మధ్య సందులు, పగ్గాల అంచులు మొద్దుబారిపోతాయి. పైగా కంచు చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కనుక నకలు అసలు కంటే కాస్త చిన్నదవుతుంది. నకలని చెప్పి అమ్మితే, ఇంట్లో అందానికి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. నన్నడిగితే మాత్రం, ఆ సొమ్ముతో మంచి మ్యూజియం కేటలాగులూ, ఇప్పటి చిత్రకారుల చిన్న రేఖాచిత్రం ఒకటో రెండో కొనుక్కోమంటాను. అరిజోనాలో 1965లో ఏర్పడిన ‘కౌబాయ్ ఆర్టిస్ట్స్ ఆఫ్ అమెరికా’ సంఘ సభ్యుల పనితో మీ పరిచయం మొదలు పెట్టవచ్చు. అన్నిటికన్నా ముందు, మీ అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో ఏమన్ కార్టర్ మ్యూజియం చూడండి. ప్రవేశం ఉచితం, రెమింగ్టన్, ఆయన కాలపు మరో కౌబాయ్ చిత్రకారుడు చార్లెస్ రసెల్‌ల కృతులే ఆ సేకరణకు పునాది.

సినిమా మనకు తుపాకీని చూపించింది కానీ, కౌబాయ్ బతుకు తాడుతో, జీనుతో, దుమ్ముతో గడిచిన కూలి బతుకు. 1865లో అంతర్యుద్ధం ముగిశాక టెక్సాస్ పశువులను వందల మైళ్లు తోలుకుంటూ కాన్సస్ రైలు స్టేషన్లకు చేర్చినవారు వీరు. వీరిలో నల్లజాతివారు, మెక్సికన్లు ఎందరో ఉన్నారు; తాడు విసరడం, జీను కట్టడం మెక్సికో పశువుల కాపరుల నుంచి వచ్చిన విద్యలే. 1874లో పేటెంటు పొందిన ముళ్లతీగ బయళ్లను ముక్కలు చేయడంతోనూ, రైలు మార్గాలు విస్తరించడంతోనూ ఆ కాలం రెండు దశాబ్దాలకే ముగిసింది. తూర్పు ప్రాంతంలో పుట్టి పత్రికలకు బొమ్మలు వేసిన రెమింగ్టన్‌కూ, మోంటానాలో నిజంగా పశువులను కాసిన రసెల్‌కూ తేడా ఇక్కడే తెలుస్తుంది. 1886–87 శీతాకాలంలో మంచుకు మందలు నశించినప్పుడు, పశువులెలా ఉన్నాయని యజమాని రాసిన ఉత్తరానికి జవాబుగా రసెల్ అరచేతి పాటి అట్టముక్క మీద నీటిరంగులతో ఒక బొమ్మ వేశారు: ఎముకలు తేలిన ఒంటరి ఆవు, దూరంగా కాచుకున్న తోడేళ్లు. ఉత్తరానికి బదులు ఆ బొమ్మనే పంపారు. 1986 ఆగస్టు గోదావరి వరదలో లంకల్లో పశువులను పోగొట్టుకున్న రైతుకు ఆ చిత్రాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రసెల్‌ను నేను ఒక మెట్టు పైన ఉంచడానికి కారణం అదే.

ప్రశ్న: రోడియో (కౌబాయ్‌ల స్వారీ పోటీలు) చిత్రాలలో ఎద్దులకు మన ఎద్దుల్లా మూపురం కనిపిస్తోంది. అది చిత్రకారుడి ఊహా?
– ఒక రైతు, రావులపాలెం

సమాధానం: ఊహ కాదు. అమెరికాలో ‘బ్రాహ్మన్’గా పిలిచే జాతిని గిర్, గుజరాత్, కృష్ణా లోయ జాతులతో పాటు, అక్కడ నెల్లూరు జాతిగా పేరుపడిన మన ఒంగోలు పశువుల నుంచి అభివృద్ధి చేశారు. ఆ జాతి పెంపకందార్ల సంఘం 1924లో ఏర్పడింది. రోడియో ఎద్దులలో చాలావాటికి ఈ రక్తం ఉంది.

ప్రశ్న: నా దగ్గరున్న కౌబాయ్ ముద్రణ చిత్రాలకు వానాకాలంలో బూజు పడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: మన డెల్టా తేమలో కాగితానికి అసలు శత్రువు ఫ్రేములోనే ఉంటుంది. చిత్రం అద్దానికి అంటుకోకుండా మధ్యలో ఆమ్లం లేని అట్ట చట్రం పెట్టించండి. వెనుక మామూలు గోధుమరంగు అట్ట ఉంటే తీయించండి, దానిలోని ఆమ్లం కాగితాన్ని పసుపు పచ్చగా మార్చి పెళుసుబారుస్తుంది. జల్లు కొట్టే బయటి గోడకు, వంటగది గోడకు తగిలించవద్దు. లోపలి గోడ మీదైనా, ఫ్రేము వెనుక గాలి ఆడేలా నాలుగు మూలలా చిన్న బిరడా ముక్కలు అంటించాలి. బూజును తడిగుడ్డతో తుడిస్తే మరకలు కాగితంలోకి దిగుతాయి. పొడిగా ఉన్న రోజున చిత్రాన్ని బయటికి తీసి, నీడలో గాలికి ఆరనిచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని మెత్తని కుంచెతో దులపండి.