రాకర్లు మార్చేముందు, అబ్బాయ్

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్లో సగమే విన్నావు, అందుకే రాసి పంపిస్తున్నా. ఆటోనగర్ షెడ్డులో ఉన్న ఆ షెవ్రొలే ఇంపాలా కారు 350 ఇంజనుకి (ఎనిమిది సిలిండర్లది) 1.5 రాకర్లు తీసేసి 1.6వి వేస్తానన్నావు. రాకరంటే వాల్వుని నొక్కి తెరిచే మీట, క్యామ్ లేపే ఎత్తుని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె చెబుతుంది. వెయ్యొద్దనను. కాని పెట్టె విప్పకముందే లెక్క చూసుకో.

నీ క్యామ్ కార్డులో లోబ్ లిఫ్ట్, అంటే క్యామ్ ఉబ్బు లేపే ఎత్తు, 300 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) అన్నావుగా. 1.5తో వాల్వు 450 థౌ లేస్తుంది, 1.6తో 480. ఆ 30 థౌ అంటే మిల్లీమీటరులో ముప్పావు వంతు. వాల్వు ఎక్కువ లేవడమే కాదు, త్వరగా కూడా తెరుచుకుంటుంది, లాభం అక్కడే. అయితే పోర్టు పని చేయించని, అంటే గాలి దారులు పెద్దవి చేయించని హెడ్లలో ఒక లిఫ్ట్ దాటాక గాలి పెద్దగా పెరగదు. అలాంటి హెడ్లకు 1.6 వేస్తే స్ప్రింగులకూ క్యాముకూ బరువు పెరగడమే మిగులుతుంది.

కువైట్‌లో ఉన్నప్పుడు నేనే ఈ తప్పు చేశాను. 1.6 రాకర్‌లో పుష్‌రాడ్ (కింద క్యామ్ కదలికని పైన రాకర్‌కి అందించే కడ్డీ) కూర్చునే గుంట, రాకర్‌ని పట్టుకునే స్టడ్డుకి దగ్గరగా ఉంటుంది, దాంతో రాడ్ లోపలికి వాలుతుంది. హెడ్డులో అది దూరే సందుకి రాసుకుంటోందని చూసుకోలేదు. మూడో రోజు ఆయిల్లో ఇనుప పొడి కనిపించింది. ఆ ఇంజను మళ్ళీ మొత్తం విప్పాల్సి వచ్చింది. ఆ బాధ నాకింకా గుర్తుంది. అందుకే ప్రతి రాడ్‌నీ చేత్తో తిప్పుతూ, టార్చి వేసి, ఇంజను రెండు పూర్తి చుట్లు తిరిగేదాకా చూడు.

తర్వాత పిస్టన్ మీద, వాల్వు గుంటల్లో మెత్తటి బంకమట్టి అద్దు. పాత గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, మెల్లగా తిప్పి, విప్పి, ఆ మట్టిని బ్లేడుతో కోసి వెర్నియర్‌తో కొలువు. ఆ మందమే వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఉన్న జాగా. ఇన్‌టేక్‌కి 80 థౌ, ఎగ్జాస్ట్‌కి 100 ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతుంది కాబట్టి దానికి జాగా ఎక్కువ కావాలి. క్యామ్‌కీ పుష్‌రాడ్‌కీ మధ్య ఉండే ట్యాపెట్లు హైడ్రాలిక్‌వి (ఆయిల్‌తో పనిచేసేవి) అయితే కొలతలో మోసపోతావు, అవి కుంగుతాయి. పరీక్షకి గట్టి ట్యాపెట్ ఒకటి, మెత్తటి స్ప్రింగు ఒకటి వాడు.

పూర్తి లిఫ్ట్‌లో స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకుండా 60 థౌ మిగలాలి. స్ప్రింగు పైనుండే రిటైనర్ బిళ్ళకీ, కింద వాల్వు ఆయిల్ సీల్‌కీ మధ్య కూడా అంతే. వాల్వు కొన మీద రాకర్ గీత మధ్యలోనే, సన్నగా పడాలి. పక్కకి పోతే పుష్‌రాడ్ పొడవు మార్చాల్సిందే, ఆ ఖర్చుకి వెనకాడకు.

నా మాటైతే ముందు ఎనిమిది ఇన్‌టేక్ వాల్వులకే 1.6 వేసి, భీమిలి రోడ్డు మీద నడిపి చూడు. సముద్రం గాలికి కొత్త స్ప్రింగులు తుప్పు పడతాయి, బిగించేదాకా ఆయిల్లో ముంచే ఉంచు. చిన్న తుప్పు మచ్చ దగ్గరే స్ప్రింగు విరుగుతుంది.

కోసిన మట్టి ముక్కలు పారేయకు. ఆదివారం గాజువాక వస్తాను, అవి నేను కూడా కొలిచి చూస్తాను. పరీక్షకి తప్ప, హెడ్డు అప్పటిదాకా పూర్తిగా బిగించకు.

మీ పెదనాన్న