మడమ నొప్పితో పరుగు మొదలుపెడుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

52 ఏళ్లకు పరుగు మొదలుపెడుతున్నావని మరదలు చెప్పింది. స్కూల్లో పరుగు పందేలనగానే దాక్కునే పిల్లాడివి నువ్వేనా అని ఎంత పొంగిపోయానో! అంతలోనే, పొద్దున లేవగానే కుంటుతున్నావని కూడా చెప్పింది. ఆ మాట నాకెందుకు చెప్పలేదు? నొప్పి దాచుకోవడం మనింట్లో అందరికీ అలవాటే. ఫోన్ చేస్తే "సరేలే అక్కా" అని పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను.

కాలికి సరిగ్గా పట్టే షూ కొనుక్కో. ఇంట్లో గట్టి నేల మీద ఉత్త కాళ్లతో తిరగకు. మొదట్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. వారానికి మూడు రోజులు చాలు. ఇవన్నీ నీకూ తెలుసు.

నీకు తెలియనిది మీ బావగారి సంగతి. అప్పట్లో కాలు బెణికిందని మీ అందరికీ చెప్పారు కదా, అది బెణుకు కాదు.

ఆయనకూ నీలాగే మడమ కింద, కాస్త లోపలి వైపు నొప్పి. మంచం దిగి కాలు మోపితే ప్రాణం పోయినంత పనయ్యేది, నాలుగడుగులు వేశాక తగ్గేది. పరుగు మొదలుపెట్టిన కాసేపటికి అసలు ఉండేదే కాదు. "చూశావా, పరిగెత్తితే పోతోంది" అనేవారు. పోవడం కాదురా, కాలు వేడెక్కితే నొప్పి తెలియదు, అంతే. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక దళసరి పట్టీ ఉంటుంది. అది ఎముకకు అతుక్కునే చోట దెబ్బతింటే ఈ నొప్పి వస్తుంది. ప్లాంటర్ ఫేషియైటిస్ అంటారు. రాత్రంతా కదలకుండా ఉండి బిగుసుకున్న ఆ పట్టీ పొద్దున్నే మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది. అందుకే పరిగెత్తేటప్పుడు ఎలా ఉందో లెక్క కాదు, మర్నాడు మొదటి అడుగు ఎలా ఉందన్నదే లెక్క. ఆయన అది పట్టించుకోలేదు.

ఎక్స్‌రేలో మడమ దగ్గర ఎముక పెరిగినట్టు కనిపించింది. నొప్పంతా దానివల్లే అనుకుని బెంగపడ్డారు. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అలాంటి ఎముక కనిపిస్తుందని తర్వాత ఫిజియోథెరపిస్ట్ చెబితే తెలిసింది. ఈలోపు పేరిచ్చిన పందెం దగ్గర పడింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నారు. నొప్పి మాయమైంది. కొన్నాళ్లు పరిగెత్తొద్దని డాక్టర్ గట్టిగా చెప్పినా వినలేదు. పందెం సగంలో అరికాల్లో టప్‌మని ఏదో తెగింది. ఆ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, కానీ పట్టీ తెగిపోయే ప్రమాదం, మడమ కింద ఉండే కొవ్వు పలచబడే ప్రమాదం రెండూ ఉన్నాయి. ఆ తర్వాత చాన్నాళ్లు కర్ర పట్టుకుని నడిచారు. పరుగు షూ ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. నేను ఇవ్వలేదు. ఇంకా అల్మరాలోనే ఉన్నాయి.

అందుకే చెబుతున్నా, విను. మంచం దిగకముందే ఆ కాలు రెండో మోకాలి మీద పెట్టుకుని, వేళ్లను నీ వైపు లాగి పట్టి పది లెక్కపెట్టు. అలా పదిసార్లు, రోజుకు మూడు విడతలు. గోడకు చేతులానించి పిక్కలు సాగదియ్యి. కాలి వేళ్ల కింద టవల్ చుట్టి పెట్టుకుని, మడమ ఎత్తుతూ దించే వ్యాయామం రోజు విడిచి రోజు చెయ్యి: మూడు సెకన్లు పైకి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లు కిందికి. తొందరగా చేస్తే చేసినట్టే కాదు.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులేసుకుంటే, మూడు దాటని నొప్పితో మెల్లగా పరిగెత్తొచ్చు, మర్నాడు పొద్దున అది పెరగకపోతేనే. పెరిగితే నడకే. కొన్ని వారాల్లో నీకు దమ్ము వస్తుంది, కాలికి బలం రావడానికి నెలలు పడుతుంది. నా భయమంతా ఆ మధ్య కాలం గురించే. ఈ నొప్పి చాలామందికి ఏడాదిలోపు తగ్గుతుంది. ఏడాదా అని నిట్టూర్చకు. ఫౌజా సింగ్ 2000లో, 89 ఏళ్లప్పుడు, లండన్ మారథాన్ పరిగెత్తాడని మరదలితో వాదించావట. ఆ లెక్కన నీకింకా 37 ఏళ్లున్నాయి కదా నాన్నా, అంతా ఈ నెల్లోనే అయిపోవాలా?

మడమ నొప్పులన్నీ ఒకటి కాదు. వెనక వైపు పైన ఉంటే అది అకిలిస్ టెండన్, అంటే పిక్కను మడమకు కలిపే తాడులాంటి దాని నొప్పి కావచ్చు. మడమను రెండు పక్కల నుంచీ నొక్కితే బాగా నొప్పి పుట్టినా, పడుకున్నా తగ్గకపోయినా ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. తిమ్మిరి, మంట ఉంటే నరం సంగతి చూడాలి. వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపేసి డాక్టర్‌కి చూపించుకో.

ఇక ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఛాతీలో పట్టేస్తే నాన్న గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నారు. నువ్వు ఆయన కొడుకువి. పరుగు మొదలుపెట్టకముందే బీపీ, షుగర్ చూపించుకో, నాన్న సంగతి డాక్టర్‌కి చెప్పి గుండె పరీక్షలు ఏం కావాలో అడుగు. పరిగెత్తేటప్పుడు ఛాతీ బిగుసుకున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపో, వెంటనే ఎవరినైనా పిలువు. ఇంటిదాకా వెళ్లి చూద్దాంలే అనుకోకు.

అపాయింట్‌మెంట్ ఏ రోజో మెసేజ్ పెట్టు. నేనూ వస్తాను.

ప్రేమతో,
అక్క