నర్సు లైసెన్సు దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబరు: ఇవ్వాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్ చేసింది. పెళ్లయ్యాక హెచ్-4 వీసాపై (హెచ్-1బీపై పనిచేసేవారి భార్య లేదా భర్తకు ఇచ్చేది) కాలిఫోర్నియా వెళ్లింది. అక్కడ నర్సు లైసెన్సుకు దరఖాస్తు చేయబోతే సోషల్ సెక్యూరిటీ నంబరు (పన్నులకు, ఉద్యోగానికి, అప్పులకు అక్కడ వాడే తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య) తప్పనిసరి అని ఉంది. తనకింకా ఆ నంబరు లేదు. రేపు వచ్చినా, లైసెన్సు పొందినవాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చట. నంబరు బయటికి పొక్కితే తన పేరు మీద ఎవరైనా అప్పులు తీసుకుంటారేమోనని మా అల్లుడి భయం. ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: వదిలేయకూడదు. ఆ గడి ఖాళీగా ఉంటే కాలిఫోర్నియాలో కొత్త లైసెన్సు దరఖాస్తును నర్సింగ్ బోర్డు ముట్టుకోదు. లైసెన్సు చేతికొచ్చాక కూడా నంబరు ఇవ్వనివారి పేరు రాష్ట్ర పన్నుల శాఖకు వెళుతుంది. వాళ్లు 100 డాలర్ల జరిమానా వేయవచ్చు. 'ముందు ఖాళీగా పంపండి, అడిగినప్పుడు చూద్దాం' అనే కన్సల్టెన్సీలు ఉన్నాయి కాబట్టే ఈ మాట మొదట చెబుతున్నాను.

అయితే మీ అమ్మాయికి దారి మూసుకుపోలేదు. 2014లో చేసిన చట్టంతో అక్కడి వృత్తి లైసెన్సు బోర్డులు సోషల్ సెక్యూరిటీ నంబరుకు బదులు ఐటీఐఎన్‌ను కూడా అంగీకరిస్తున్నాయి. ఐటీఐఎన్ అంటే సోషల్ సెక్యూరిటీ నంబరుకు అర్హత లేనివారికి ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే తొమ్మిది అంకెల సంఖ్య. ఎప్పుడూ 9తో మొదలవుతుంది. హెచ్-4పై ఉన్న భార్య భర్తతో కలిసి పన్ను రిటర్ను దాఖలు చేసేటప్పుడు డబ్ల్యూ-7 ఫారం జత చేసి దీన్ని తీసుకోవడం మామూలే. కాలిఫోర్నియాకు వెలుపల రాష్ట్రానికో పద్ధతి ఉంది. కొన్నిచోట్ల 'నాకు ఆ నంబరు లేదు' అని ప్రమాణపత్రం రాసిస్తే సరిపోతుంది. అందుకే న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో ఉన్న స్నేహితురాలి అనుభవాన్ని మీ అమ్మాయికి ఉన్నదున్నట్టు వర్తింపజేయవద్దు.

ఇంతకీ నర్సింగ్ బోర్డుకు ఆ నంబరుతో పనేమిటి? ఇది నర్సుల కోసం పెట్టిన నిబంధన కానే కాదు. విడిపోయాక పిల్లల పోషణకు కోర్టు విధించిన సొమ్ము ఎగ్గొట్టి, రాష్ట్రాలు మారి తిరిగే తల్లిదండ్రులను పట్టుకోవడానికి 1996లో అమెరికా కాంగ్రెస్ సంక్షేమ సంస్కరణల చట్టంలో దీన్ని చేర్చింది. వృత్తి లైసెన్సు, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి లైసెన్సు, చివరికి చేపలు పట్టే లైసెన్సు దరఖాస్తులో కూడా నంబరు నమోదు చేయాల్సిందే. బాకీ ఉన్నవాడి లైసెన్సు ఆపితే దిగివస్తాడని ఆలోచన. పనిచేసే ఉపాయమే కావచ్చు. కానీ బాకీ లేని లక్షలాది మంది నంబర్లు కూడా అన్ని బోర్డుల దగ్గరా పోగుపడ్డాయి. నాకు ఇది అంతగా నచ్చదు. నచ్చకపోయినా చట్టం చట్టమే.

అదే అమెరికాలో దరఖాస్తుదారుకు అనుకూలమైన చట్టాలూ ఉన్నాయి. 1974 ప్రైవసీ చట్టంలోని ఏడో సెక్షన్ ప్రకారం నంబరు అడిగే ఏ ప్రభుత్వ సంస్థ అయినా మూడు విషయాలు చెప్పి తీరాలి: ఇవ్వడం తప్పనిసరా లేక ఐచ్ఛికమా, ఏ చట్టం కింద అడుగుతున్నారు, దేనికి వాడతారు. దరఖాస్తులో చిన్న అక్షరాల్లో ఉండే పేరా అదే. మన వాళ్లు సాధారణంగా చదవకుండా టిక్కు పెట్టేసేదీ అదే. మీ అమ్మాయిని అది నిదానంగా చదవమనండి. అందులో తప్పనిసరి అనే మాట, చట్టం పేరు కనబడితే నంబరు ఇవ్వాలి. ఏ చట్టమూ చూపకుండా గడి మాత్రమే ఉంటే, ఎందుకని అడిగే హక్కు తనకు ఉంది. ఇంకొకటి, 1990 అక్టోబరు 1 తర్వాత చేసిన చట్టాల కింద సేకరించిన సోషల్ సెక్యూరిటీ నంబర్లను రహస్యంగా ఉంచాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. 1996 చట్టం దాని పరిధిలోకే వస్తుంది. లైసెన్సు మీద వేరే సంఖ్య ముద్రించి, అసలు నంబరును ఫైల్లో ఉంచుకోవడానికి కూడా ఆ చట్టం అనుమతిస్తుంది. బోర్డు వెబ్‌సైట్‌లో వెతికితే పేరు, లైసెన్సు సంఖ్య, అది చెల్లుబాటులో ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నవి కనిపిస్తాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు కనిపించదు.

కనిపించకూడదు అనడం సబబేమో. 2021 అక్టోబరులో మిస్సోరీ రాష్ట్ర విద్యాశాఖలో ఏమైందో మీ అల్లుడికి తెలిసే ఉంటుంది. ఉపాధ్యాయుల ధ్రువపత్రాలు సరిచూసుకునే వెబ్‌సైట్ అది. తెర మీద నంబర్లు లేవు. కానీ బ్రౌజరులో ఆ పేజీ సోర్స్ కోడ్ తెరిస్తే లోపల ఉన్నాయి. అది తెరవడానికి ఏ హ్యాకింగూ అక్కర్లేదు, కీబోర్డు మీద ఒకటి రెండు మీటలు నొక్కితే చాలు. సెయింట్ లూయిస్ పోస్ట్-డిస్పాచ్ పత్రిక విలేకరి అది గమనించి శాఖకు చెప్పారు. వాళ్లు సరిదిద్దేదాకా పత్రిక వార్త ఆపింది. లక్షకు పైగా ఉపాధ్యాయుల నంబర్లు అలా ఉండే అవకాశం ఉందని తేలింది. గవర్నర్ మైక్ పార్సన్ మాత్రం విలేకరినే హ్యాకరని, కేసు పెట్టిస్తానని గర్జించారు. 2022 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటరు అభియోగాలు మోపడం లేదని తేల్చేశారు. కాబట్టి మీ అల్లుడిది ఉత్త భయం కాదు. అయితే దానికి విరుగుడు గడి ఖాళీగా వదలడం కాదు.

నంబరు వచ్చాక, అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలైన ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ (కొత్తగా అప్పిచ్చేవారికి ఆ చరిత్ర చూపకుండా ఆపడం) పెట్టుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి ఇది ఉచితం. ఫ్రీజ్ ఉంటే వేరెవరికైనా మీ అమ్మాయి పేరు మీద అప్పు పుట్టడం కష్టం. ఎవరైనా తన పేరుతో దొంగ పన్ను రిటర్ను వేయకుండా ఐఆర్ఎస్ ఏటా మారే ఆరంకెల పిన్ ఇస్తుంది. ఐటీఐఎన్ ఉన్నవారు కూడా దాన్ని తీసుకోవచ్చు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. నంబరు రహస్యమే కానీ కాలిఫోర్నియాలో లైసెన్సుదారు ఇచ్చే నమోదు చిరునామా బహిరంగ సమాచారం. నంబరు గురించి ఇంత మథనపడే కుటుంబాలు ఇంటి చిరునామాను, అపార్ట్‌మెంట్ సంఖ్యతో సహా, ఆ గడిలో ఇట్టే నింపేస్తాయి. పోస్టాఫీసు పెట్టె సంఖ్య ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. అసలు నివాసం అడిగితే బోర్డు అంతర్గత అవసరానికి విడిగా ఇవ్వవచ్చు. ఒంటరిగా నైట్ డ్యూటీలు చేసే అమ్మాయికి ఇది తొమ్మిది అంకెల కన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక కన్సల్టెన్సీల సంగతి. పాస్‌పోర్టు, నంబరు, పుట్టిన తేదీ అన్నీ వాట్సాప్‌లో పంపమంటారు. ఇక్కడ ఆధార్ జిరాక్సులు పంచిపెట్టడం అలవాటైన మనకు అందులో తప్పేమీ తోచదు. దరఖాస్తు బ్రీజ్ అనే రాష్ట్ర పోర్టల్‌లో స్వయంగా నింపుకోగలిగినదే. బీఎస్సీ చదివిన అమ్మాయికి మధ్యవర్తి అవసరం లేదు. సహాయం కావాలంటే తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని, అడుగుతూ ఫారం నింపమనండి, పాస్‌వర్డు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దనండి. మీ ఫోనులో కూడా ఆ కాగితాల ఫొటోలు ఉంచుకోకండి.

ఐటీఐఎన్‌తో లైసెన్సు వచ్చినంత మాత్రాన ఉద్యోగానికి అనుమతి వచ్చినట్టు కాదు. హెచ్-4 వారికి ఈఏడీ అనే ఉద్యోగ అనుమతి పత్రం కావాలి. 2015 నిబంధన ప్రకారం, సాధారణంగా భర్త ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొంది ఉంటే దానికి అర్హత వస్తుంది. ఈఏడీ దరఖాస్తులోనే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా కోరవచ్చు. అది వచ్చిన రోజు నుంచి ఐటీఐఎన్ వాడకం మానేసి, ఐఆర్ఎస్‌కు, బోర్డుకు తెలియజేయాలి.

డబ్ల్యూ-7తో అసలు పాస్‌పోర్టు పోస్టులో పంపడం ఇష్టం లేకపోతే ఐఆర్ఎస్ గుర్తించిన సర్టిఫైయింగ్ అక్సెప్టెన్స్ ఏజెంటు దగ్గర సరిచూపించుకోవచ్చు. ఐటీఐఎన్ రావడానికి ఏడు వారాల దాకా, పన్ను సీజన్‌లో ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా హైదరాబాద్‌లో కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు బోర్డుకు నేరుగా వెళ్లే ఏర్పాటు మీరు చూడండి. ఆ పనికి ఇక్కడ మనిషి తిరగాల్సిందే.